తలుపులోకి చుట్టపుచూపుగా వచ్చే నీరు

ఒకప్పుడు కొయ్యలోని నీటికి ఓపికనేదే ఉండేది కాదు. చెట్టు పడితే చాలు, చెప్పాపెట్టకుండా ఒక్కపూటలో బయటికి ఉరికేది. పోయాక మళ్ళీ ఆ కొయ్య మొహం చూసేది కాదు. నెల రోజులు వానలో నానినా దాని ఒంట్లోకి ఒక్క చుక్క దిగేది కాదు.

ఆ రోజుల్లో మద్దిచెట్ల అడవి పక్కన ఒక చిన్న పల్లె ఉండేది. ఆ పల్లెలో సింగమ్మ అనే వడ్రంగి ఉండేది. ఆమె చెయ్యి గట్టిది, పట్టుదల అంతకంటే గట్టిది.

పక్కింటి గొల్ల బీరయ్యకు పన్నెండు మేకలు. వాటి దొడ్డికి సింగమ్మే తలుపు చేసి పెట్టింది. పొద్దున బిగించిన తలుపు సాయంత్రానికల్లా వంకర తిరిగింది. ఆ సందులోంచి దుమ్ములగొండి దూరి ఒక మేకను ఎత్తుకుపోయింది. సింగమ్మ ఇంకో తలుపు చేసింది. అది నడిమికి చీలింది. ఇంకో మేక పోయింది. అట్లా తలుపు వెనక తలుపు, మేక వెనక మేక. చివరికి ఒక్క మేక మిగిలింది. పాపం, అదీ చూడిది.

"అక్కా, ఇది తలుపా, అప్పడమా?" అన్నాడు బీరయ్య. మిగిలిన మేకను దగ్గరికి లాక్కున్నాడు. "ఇదొక్కటీ పోయిందంటే నేను ఊరొదిలి కూలికి పోవాల్సిందే."

సింగమ్మకు సిగ్గేసింది. దుమ్ములగొండి మీద కంటే తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది.

"తమ్ముడూ, సరైన తలుపు పెట్టేదాకా నేనే తలుపు" అంది.

అనడమే కాదు, తన మంచం తెచ్చి దొడ్డి వాకిట్లో అడ్డంగా వేసుకుంది. కొయ్య చెక్కే బాడిస తలగడ పక్కనే పెట్టుకుంది.

మర్నాడు కొత్త మద్దిమాను కోసి పలకలు తీసింది. ఎప్పటిలాగే ఎండలో పరచబోయి, ఎందుకో ఆగింది. ఒక పలకకు చెవి ఆనించింది. లోపల తిరునాళ్ళలో ఉన్నంత గోల!

"ఎక్కడికే ఆ పరుగు?" అని అడిగింది.

"సూర్యుడు రమ్మంటున్నాడు! మబ్బుల్లో చోటు నిండిపోతుందంట. జరుగు, జరుగు!" అంది నీరు లోపలినుంచి.

"నీ తొక్కిసలాటకు నా పలక పగిలిపోతోంది!"

"పగిలితే నాకేం? నేను మళ్ళీ వస్తానా, చూస్తానా?"

సింగమ్మ పలకలన్నీ ఎత్తి నీడన కొట్టం కిందికి మోసింది. నీరు ఎక్కువగా పలకల కొసల్లోంచే ఉరుకుతోందని కనిపెట్టి, రెండు కొసలకూ మందంగా పేడ మెత్తింది.

"అయ్యయ్యో, వాకిలి మూసేశావేం!" అని నీరు గగ్గోలు పెట్టింది.

"పక్కలనుంచి పో. మెల్లగా పో" అంది సింగమ్మ.

అంతలో గాలి వచ్చి పలకల చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఇట్లా అతికినట్టు పేరిస్తే నా వేలైనా దూరదు. నీటిని ఎట్లా తీసుకుపోను?" అని విసుక్కుంది. సింగమ్మ పలకకూ పలకకూ మధ్య సన్నటి బద్దలు పెట్టింది. పలకలు మెలి తిరగకుండా పైన బండరాళ్ళు ఎత్తింది.

ఇదంతా చూసి సూర్యుడు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, ఒక్కపూటలో అయ్యే పనికి ఏడాది కూర్చుంటావా?"

"నీ ఒక్కపూట పని పదకొండు మేకల్ని మింగింది. నువ్వు పోయి ఎవరి వడియాలైనా ఆరబెట్టుకో" అంది సింగమ్మ.

నెలలు గడిచాయి. ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేశారు. దుమ్ములగొండి మూడుసార్లు వచ్చి, బాడిస చూసి తోక ముడిచింది. మేక రెండు పిల్లల్ని ఈనింది. అవి మంచమెక్కి సింగమ్మ కొంగు నమిలేవి. నడుము పట్టేసినా ఆమె మాత్రం వాకిలి వదల్లేదు.

ఒకరోజు పలకలోంచి నీరు మెల్లగా పిలిచింది. "సింగమ్మా, ఉరికేటప్పుడు నాకేమీ తెలియలేదు. ఇట్లా నిదానంగా నడుస్తుంటే ఈ కొయ్య నా పుట్టిల్లని తెలుస్తోంది. వదిలి పోవాలంటే బెంగగా ఉంది. వానాకాలంలో చుట్టపుచూపుగా వచ్చి పోనా?"

సింగమ్మ మనసు కరిగింది. "రావే తల్లీ. వానలు తగ్గగానే పోవాలి మరి."

"పోతాను. కానీ నన్ను తొందరపెట్టినవాళ్ళ కొయ్యను మాత్రం చీల్చే పోతాను!"

ఏడాది నిండాక సింగమ్మ ఆ పలకలతో తలుపు చేసి బిగించింది. ఆ తలుపు వంకర పోలేదు, చీలలేదు. ఆమె మంచం ఇంటికి చేరింది.

తొలకరి పడింది. ముసురులో దుమ్ములగొండి పట్టపగలే వచ్చి తలుపును తలతో తోసింది. గోళ్ళు పెట్టి లాగబోతే సందే దొరకలేదు. ఒళ్ళంతా బరువేసి కుమ్మింది. తలుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇక లాభం లేదని అది అడవి దారి పట్టింది.

తర్వాత బీరయ్య మేకలకు ఆకు వేద్దామని వచ్చి తలుపు లాగాడు. రాలేదు. "అక్కా, నాకూ రావట్లేదే!" అని అరిచాడు. సింగమ్మ వచ్చి తలుపుకు చెవి ఆనించింది. లోపల నీరు కిలకిలా నవ్వుతోంది. ఇద్దరూ కాళ్ళు తన్నిపట్టి లాగితే తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది, వాళ్ళిద్దరూ వెళ్ళి బురదలో పడ్డారు.

"కాస్త చిత్రిక పట్టరాదూ?" అన్నాడు బీరయ్య బురద తుడుచుకుంటూ.

"చుట్టాన్ని చెక్కేస్తామా? చలికాలానికి అదే పోతుందిలే" అంది సింగమ్మ.

అప్పటినుంచే తొందరపడి ఎండబెట్టిన పచ్చికొయ్య చీలుతుంది. నీడన నిదానంగా ఆరిన కొయ్య నిలుస్తుంది. ఎంత బాగా ఆరిన తలుపైనా సరే, వాన పడగానే పుట్టింటికొచ్చిన నీటిని లోపల దాచుకుని, ఉబ్బి, బిగుసుకుని కూర్చుంటుంది.