మూడు చుట్టలు, రెండు గ్లాసులు

నూకరాజు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ రెండోసారి కూడా కాలిపోయింది.

అతని ఆలోచన మంచిదే. ఒక రాగి చుట్ట లోపల ఇంకొకటి, దాని లోపల మరొకటి, ఉల్లిపొరల్లా అమర్చాలి. పొరలు ఎంత దగ్గరగా ఉంటే కరెంటు అంత తక్కువ వృథా అవుతుంది. మామూలుగా వేడిని లాగేసే నూనె పారడానికి మధ్యలో సన్నటి అట్టపుల్లలు పెట్టి సందు వదులుతారు. నూకరాజు వాటిని పెట్టనివ్వలేదు. పొరకీ పొరకీ మధ్య పల్చటి కాగితం, అంతే.

"సందున్న చోటల్లా నష్టమే మేడం," అనేవాడు.

భ్రమరాంబ మేడం అతని రీసెర్చ్ గైడు. ఆ లాబ్‌లోనే ఆవిడ జుట్టు నెరిసింది. అట్టపుల్లల గురించి ఒకసారి చెప్పి ఊరుకున్నారు. కానీ టెస్టు చేసేటప్పుడు మాత్రం అతని వెనకే, ఊపిరి మెడకి తగిలేంత దగ్గరగా నిలబడేవారు. ఓల్టేజీ తగ్గించు, మీటరు చూడు, ఆ వైరు జాగ్రత్త. నూకరాజు చొక్కా తడిసిపోయేది.

ఇప్పుడు మూడో ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధమైంది. లాబ్‌లో ఇంక రాగి తీగ లేదు. ఇదీ కాలిపోతే అంశం మార్చుకోమని కమిటీ తేల్చి చెప్పింది.

కొత్తదానికి కరెంటిచ్చే ముందు కొబ్బరికాయ కొట్టడం ఆ లాబ్ ఆనవాయితీ. నూకరాజు కాయ పట్టుకుని మేడం గదిలోకి వచ్చాడు.

"మూడో కాయా? కిందటి రెండుసార్లూ పచ్చడి మాత్రం బాగా కుదిరింది," అన్నారు మేడం.

"తప్పు కాగితానిదే మేడం. ఈసారి మంచి రకం వేశాను."

"మరి అట్టపుల్లలు?"

"వద్దు మేడం."

"సరే. ముందు టీ తాగు."

బల్లమీద ఎప్పుడూ ఉండే రెండు స్టీలు గ్లాసుల్లో ఒకటి ఆవిడది, ఒకటి అతనిది. మేడం ఒకదాన్ని రెండోదాంట్లో పెట్టి అరచేత్తో నొక్కారు. ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ అంచుదాకా పోశారు.

"అడుగుది నీది. తీసుకో."

నూకరాజు లాగాడు. వేళ్లు కాలాయి. జేబురుమాలు చుట్టి మళ్లీ లాగాడు. టీ తొణికి చొక్కామీద పడింది గానీ గ్లాసు ఊడలేదు.

"పొద్దున కడిగేటప్పుడు ఇలాగే పెట్టాను. చక్కగా వచ్చేసింది మేడం."

"మరిప్పుడేమొచ్చింది దానికి?"

"వేడికి లోపలిది ఉబ్బి..."

మాట అక్కడే ఆగింది. కాలిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లలోనూ కాగితం ఒక్కచోటే నలిగి చిరిగింది. అన్నిటికన్నా లోపలి చుట్టకీ, దాని పై చుట్టకీ మధ్య.

మేడం ఆ జంట గ్లాసుల్ని అలాగే ఎత్తి ఒక గుక్క తాగారు. "టీ బాగుంది. నీది చల్లారాక ఇస్తాలే."

నూకరాజు కొబ్బరికాయ అలమారలో పెట్టేశాడు. లాబ్‌లో నేలమీద కూర్చుని, వారమంతా చుట్టిన తీగని విప్పడం మొదలుపెట్టాడు.

మేడం జంట గ్లాసుల్తోనే వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. కాసేపు చూశారు. "అక్కడ కొంచెం..." అంటూ ముందుకి వంగారు. చేతిలో గ్లాసులున్నాయి. వాటినొకసారి చూసుకున్నారు. లేచి, కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర వేసుకున్నారు.

కొబ్బరికాయ కొట్టే రోజు మళ్లీ వచ్చింది. అట్టపుల్లలతో చుట్టిన చుట్టలు నూనె తొట్టిలో కూర్చున్నాయి. లెక్క ప్రకారం సామర్థ్యం వెంట్రుకవాసి తగ్గింది. నూకరాజు దానికి సిద్ధపడ్డాడు.

స్విచ్చిమీద చెయ్యి వేసి అలవాటుగా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. మేడం గుమ్మం దగ్గర కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు.

"మేడం, మీటరు చూడరా?"

"నువ్వున్నావుగా."

స్విచ్చి వేశాడు. తుమ్మెద రొదలా సన్నటి మోత. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. మాడు వాసన రాలేదు. కరెంటు ఆపి తొట్టిమీద అరచెయ్యి ఆనించాడు.

"వేడెక్కిందా?" గుమ్మం దగ్గర్నుంచి మేడం.

"ఎక్కింది మేడం. ఆ వేడి దారి చూసుకుని పోతోంది. రండి, చూద్దురుగాని!"

"ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతున్నావురా," అన్నారు మేడం, పేపర్లోంచి తలెత్తకుండానే.