విరిగిన రాజకత్తి

ఒకానొక రాజ్యంలో జరిగిన సంగతి ఇది. ముందుది వెనక, వెనకది ముందు చెబుతానేమో, సర్దుకుని చదవండి.

ఆ రాజ్యాన్నేలే మార్తాండభూపతికి తనకు చేతకాని పని లేదని గట్టి నమ్మకం. దసరానాడు కోటగుమ్మం ముందు రాజు గుమ్మడికాయ నరకడం అక్కడి ఆచారం. ఆ ఏడు కత్తి కూడా తానే చేస్తానని పెరట్లో కొలిమి పెట్టించాడు.

కమ్మరి మల్లోజు రెండు ఉక్కుముక్కలు తెచ్చాడు. ఒకటి పాత రంపంది. వంచితే వంగి, వదిలితే మళ్ళీ నిటారుగా నిలిచింది. రెండోది ఇనుమును అరగదీసే ఆకురాయిది. ఎంత నొక్కినా వంగలేదు.

"మొరటు పనికి రంపం ఉక్కే మేలు దొరా. ఆకురాయి పదునెక్కుతుంది గాని దెబ్బకు ఆగదు," అన్నాడు మల్లోజు.

"వంగే ఉక్కు నాకెందుకురా? మా వంశంలో వంగినవాడు లేడు!"

రాజు ఆకురాయినే ఎంచుకున్నాడు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, చెయ్యి నొప్పెట్టి, మిగతాది మల్లోజుకు వదిలేశాడు. కత్తి తళతళలాడింది. "నేను చేశాను," అని ఊరంతా చూపించుకున్నాడు.

పండగనాడు బలంగా ఒక్క వేటు వేశాడు. కాయ తెగింది. కింది రాయి తగిలి కత్తి టప్పున రెండయింది.

"ఈ కత్తి చేసిన కమ్మరి చెయ్యి ఇక్కడే, ఇప్పుడే నరకండి!"

మల్లోజు ముఖం పాలిపోయింది. కొలువువారంతా నేలచూపులు చూశారు. విదూషకుడు తిప్పన్నకు మాత్రం ఒళ్ళు మండింది. మెరిసినంతసేపూ రాజు చేసిన కత్తి, విరగ్గానే కమ్మరి చేసిందా? అయినా వినయంగా చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"తగిన శిక్ష ప్రభూ! కాని దేనితో నరకాలి? ఆయుధాలన్నీ పూజలో ఉన్నాయి, ఇవాళ ముట్టకూడదు. బయటున్నది తమ కత్తి ఒక్కటే. అదేమో ఇలా పడి ఉంది."

"అయితే కొత్తది చేయించు!"

"చిత్తం. తమరే చేస్తే..." తిప్పన్న ముక్కలకేసి చూసి ఆగాడు. "వద్దులెండి, మల్లోజే చేయాలి. వాడు చేసిన కత్తి విరిగిందా, చెయ్యి తెగదు. విరక్కుండా చెయ్యి తెగిందా, మంచి కత్తి చేసిన చేతిని నరికినవారవుతారు. ఏది సెలవిస్తారు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు మీసం మీది చెయ్యి దించి, కత్తి ముక్కలు చూసి, తానూ పగలబడి నవ్వాడు. నరకమన్న చేతికే బంగారు కడియం తొడిగి, రంపం ఉక్కుతో ఇంకో కత్తి చేయమన్నాడు.

"నీకేం కావాలి తిప్పన్నా?"

"ఆ విరిగిన ముక్క ఇప్పించండి ప్రభూ. ఈసారి తమకు కోపమొస్తే చూపిస్తాను."

ఈ కథను అచ్చుకిచ్చే తమ్ముడూ విశ్వపతీ, ఇచ్చే ముందు పేర్లు ఒకసారి సరిచూడు. కమ్మరి మల్లోజే, అది ఖాయం. రాజు పేరే నాకు సరిగ్గా గుర్తు లేదు.