పంక్తి లేవని పూట

నెల రోజులుగా కేదారికి నలుగురిలో తల ఎత్తుకోలేని పరిస్థితి. కారణం పరాయివాళ్లెవరో కాదు, సాక్షాత్తూ తన గురువు నాగలింగస్వామే.

ఒకప్పుడు స్వామి నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. ఆ సంగతి చెప్పుకుని పన్నెండేళ్లుగా పొంగిపోయినవాడు కేదారి. తనూ అంతే తినేవాడు. పైగా అందరూ చూసేలా తినేవాడు. అలాంటిది ఈమధ్య స్వామి విస్తరి ముందు కూర్చుంటే లేవడమే లేదు. పంక్తిలో అందరి భోజనాలూ అయి చేతులు ఎండిపోతున్నా ఆయన చెయ్యి ఇంకా విస్తట్లోనే. పెద్దాయన లేవందే మిగతావాళ్లు లేవకూడదాయె.

లోకం ఊరుకుంటుందా? వచ్చిపోయే యాత్రికులు "తిండికి తిమ్మరాజు" అని పేరు పెట్టేశారు. ఆ మాట అన్నవాళ్లతోనల్లా కేదారి కొట్లాటకు దిగాడు. ఎంతమంది నోళ్లని మూయిస్తాడు పాపం! ఆ మాట కొండమీది ఈ మఠం నుంచి దిగి పెద్దమఠం దాకా పోయింది. విచారణకని అక్కడి అధికారి విరూపాక్షయ్య స్వయంగా వచ్చాడు. నిజమని తేలితే నాగలింగస్వామిని పీఠం దింపి పంపేస్తారు.

ఆ మధ్యాహ్నం కేదారి గురువు కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలుకున్నాడు.

"ఈ ఒక్కపూట త్వరగా లేవండి స్వామీ. మీకు పుణ్యముంటుంది."

"వడ్డన కానివ్వు, చూద్దాం" అన్నాడు స్వామి.

పంక్తి కూర్చుంది. స్వామికి కుడిపక్కన విరూపాక్షయ్య. రోజూ సిగ్గుతో ఎక్కడో మూలన కూర్చునే కేదారి, ఇవాళ అవసరమైతే మోచేత్తో పొడవొచ్చని స్వామికి ఎడమపక్కన చేరాడు. ఎదురు వరసలో మఠం జనం. ఆ వరస చివర, కూలిపోయిన ప్రహరీ కట్టడానికి వచ్చిన ముసలి రాళ్లపనివాడు పోలన్న.

చిక్కుడుకాయ పులుసు అయింది, చారు అయింది, మజ్జిగ వచ్చింది. విరూపాక్షయ్య ముగించాడు. ఒకరి తర్వాత ఒకరు ముగించారు. స్వామి చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది.

అందరి కళ్లూ ఒకసారి స్వామి మీద, ఒకసారి విరూపాక్షయ్య మీద. ఆయన మొహం కందగడ్డ అయింది.

"విన్నది నిజమేనన్నమాట" అన్నాడు, వంటింట్లోకి కూడా వినపడేలా.

స్వామి అదేం పట్టనట్టు, "ఇంకొంచెం మజ్జిగ పొయ్యి నాయనా" అన్నాడు వడ్డించే అతనితో.

కేదారి ఇక ఆగలేకపోయాడు. గురువు వైపు వంగి పళ్లబిగువున అన్నాడు.

"దండం పెడతా స్వామీ, లేవండి."

"పంక్తిలో ఇంకా ఆకలి ఉంది కేదారీ."

"మీ ఒక్కరికే!"

అనేసి నాలిక్కరుచుకున్నాడు. పన్నెండేళ్లలో గురువుకు ఎదురుచెప్పడం అదే మొదలు. అయినా కోపం చల్లారలేదు. తను లేస్తే అందరూ లేస్తారు, అప్పుడు ఈయనా లేవక చస్తాడా! మర్యాద పోతే పోయింది, గురువుకు పీఠమైనా దక్కుతుంది. విస్తరి మడిచి, నేల మీద చెయ్యి ఆనించి సగం లేచాడు.

పంక్తి అంతా కదిలింది. ఎదురు వరస చివర పోలన్న చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని విస్తట్లో సగం అన్నం అలాగే ఉంది. బోసి చిగుళ్ల మధ్య ఉన్న ముద్దని నమలకుండానే గుటుక్కున మింగి, విస్తరి అంచు మడిచాడు.

నాగలింగస్వామి లేవలేదు. నింపాదిగా చెయ్యి మళ్లీ విస్తట్లో పెట్టాడు.

అది చూసి పోలన్న మడత విప్పాడు. మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టాడు.

కేదారి లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. గురువు విస్తట్లోకి చూశాడు. మజ్జిగలో ఒక్క గుప్పెడన్నం. వేళ్లు దాన్ని అటు జరిపి ఇటు జరుపుతున్నాయి. ఒక్క మెతుకూ నోటిదాకా పోవడం లేదు.

పోలన్న సంగతి మఠంలో అందరికీ తెలిసిందే. వచ్చిన కొత్తలో వంటతను, "పళ్లు లేవు గదా తాతా, అందరూ లేచాక వంటింట్లో నిదానంగా తిను" అన్నాడు. "గోడ కట్టను వచ్చినా నాయనా, అడుక్కోను రాలా" అని ముసలాయన ఆ పూట పస్తున్నాడు. అందరూ లేచాక తనొక్కడే విస్తరి ముందు మిగలడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే. ఇది జరిగి నెలయింది.

'ఛీ, ఎంత గుడ్డివాణ్ణి!' అనుకున్నాడు కేదారి.

"ఇక నేను చూడాల్సిందేం లేదు" అన్నాడు విరూపాక్షయ్య. "రేపే ఈ పీఠానికి వేరొకరిని పంపిస్తాను."

అసలు సంగతి కేదారి నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, గురువు పరువూ పీఠమూ నిలబడతాయి. కానీ ఆ మాట పోలన్న చెవిన పడిందా, ఆ ముసలాయన మళ్లీ ఈ పంక్తిలో కూర్చోడు. ఏం చెయ్యమంటారని గురువు వైపు చూశాడు. ఆయన కళ్లెత్తలేదు.

కేదారి చతికిలబడ్డాడు. మడిచిన విస్తరి విప్పి, అరచేత్తో సరిచేసుకున్నాడు.

"వడ్డన ఎవరయ్యా!" అని కేకేశాడు. "ఇటు అన్నం తెండి. రెండు గరిటెలు పెట్టండి, పులుసు కూడా. నాకు ఆకలి తీరలేదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"గురువుకు తగ్గ శిష్యుడే దొరికాడు!" అని ఈసడించుకున్నాడు విరూపాక్షయ్య.

నాగలింగస్వామి తన గుప్పెడన్నం గబగబా తినేశాడు. మజ్జిగ తాగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచాడు.

"నాకు చాలు కేదారీ. నువ్వు కూర్చో."

ఆయన వెనకాలే అందరూ లేచి వెళ్లారు. పోలన్న తల ఎత్తి కేదారి విస్తరి వంక చూశాడు. అన్నం కుప్పగా ఉంది. ధీమాగా మరో ముద్ద కలుపుకున్నాడు.

కేదారి తన ముద్దని చిన్నది చేసి, నెమ్మదిగా నమలసాగాడు.