చేంతాటి మాత గుడి, రెండో కొస

ఎర్రగుట్టపాడు శివారులో, ఎండకు నోళ్ళు తెరిచిన నల్లరేగడి నడుమ ఒక చిన్న మరియమాత గుడి ఉంది. గుడి ముందు రాతి బావి. మాత చేతుల మీదుగా పేనిన తాడు వేలాడుతూ ఉంటుంది. అందుకే ఆమెను చేంతాటి మాత అంటారు. ఈ వృత్తాంతం ఇక్కడ చిరకాలం జపాలు నేర్పే ఉపదేశిగా పనిచేసిన బాలశౌరి గారు చెప్పినది. ఆయన తమ నాయనమ్మ నోట విన్నారు. ఆమె చిన్ననాట ఇదంతా కళ్ళారా చూసిందట.

పూర్వం ఇక్కడ బావి ఒక్కటే ఉండేది. నీళ్ళు పాతాళంలో, ఊరందరికీ ఒకటే చేంతాడు. ఒక వేసవిలో ఎవరు ముందు తోడుకోవాలన్న తగాదాలో, ఇన్నాసమ్మ అనే వితంతువు తన తోడికోడలు శౌరమ్మ పట్టుకున్న తాడును కొడవలితో తెగ్గోసింది. చేదతో సహా తాడు బావిపాలైంది. ఊరు వాగుకు నడవవలసి వచ్చింది. ఆ దారిలో నిండు బిందెతో జారిపడిన శౌరమ్మకు కాలు విరిగి, కుంటు మిగిలింది.

తరువాత ఊరివారు పాత మోకులు ముడివేసి నెట్టుకొచ్చారు గాని, ఇన్నాసమ్మను పలకరించినవారు లేరు. ఆమె వాగునీళ్ళే తాగింది, తన గొంతు తనకే కొత్తగా వినిపించేటంత ఒంటరిగా బతికింది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారంనాడు ఆమె ఊరి గురువు ఎదుట తన తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసింది. ఆ గురువు జోజప్ప స్వామివారు విని, "తెంపినదాన్ని పేని తీసుకురామ్మా" అన్నారు.

ఆమె కిత్తనార నానబెట్టి, ఒక కొస బావి పక్క వేపచెట్టుకు కట్టి, రెండో కొస నుంచి పురి ఎక్కించసాగింది. బావితాడంత పొడవుకు అటొకరు, ఇటొకరు ఉండాలి. ఇటు బిగించి అటు నడిచేసరికి ఇటు పురి విడిపోయేది. తపస్సు కాలమంతా అదే తంతు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు, "కొస పట్టడానికి చెట్టును మరిదిగా చేసుకుందర్రా!" అని నవ్వుకునేవారు. రమ్మని పిలవడానికి ఆమెకు నోరు రాలేదు. తాడు పూర్తిచేస్తే చాలు, ఎవరి గడపా తొక్కనక్కరలేదని ఆమె నమ్మకం.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం సాయంత్రం నార మళ్ళీ విడిపోయింది. అరిచేతుల పుండ్లు చూసుకుంటూ చాలాసేపు కూర్చున్న ఇన్నాసమ్మ, లేచి శౌరమ్మ వాకిట నిలబడింది.

"తాడు పట్టమని రాలేదే. నీ కాలు విరగ్గొట్టింది నేను. ఆ మాట స్వామికి చెప్పాను, నీకు చెప్పలేదు."

శౌరమ్మ తలుపు వేసింది.

మర్నాడు ఇన్నాసమ్మ అలవాటుగా నార బిగించింది. అటువైపు నుంచి ఎవరో లాగారు. చెట్టుకు కట్టిన కొస విప్పి చేతబట్టుకుని, చెట్టు కింద కుంటికాలు చాచుకుని శౌరమ్మ కూర్చుని ఉంది.

"గట్టిగా తిప్పక్కా! పోయింది నా కాలు, చేతులు కాదు."

ఇన్నాసమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వు విని బావి దగ్గర బిందెలు ఆగిపోయాయట. ఈస్టరు ఉదయం కొత్త తాడుతో తోడిన మొదటి చేదను ఆమె శౌరమ్మ దోసిట పోసింది.

జోజప్ప స్వామివారు ఈ గుడి కట్టించి, బదిలీ మీద వెళ్ళి, దూరదేశంలో కన్నుమూశారు. ఇన్నాసమ్మ ఆ ఒంటి ఇంట్లోనే వృద్ధాప్యం గడిపి మరణించింది. ఆమె పెట్టెను సమాధిలోకి దించిన తాడు కొసను శౌరమ్మ ఇంకెవరికీ ఇవ్వలేదు. తరువాత కొన్నేళ్ళకు శౌరమ్మ మనుమల చేతుల్లో పోయింది.

నేటికీ తపస్సు కాలంలో మాటలు లేని అన్నదమ్ములు, వియ్యపువారు ఇక్కడ కలిసి తాడు పేని మాతకు సమర్పిస్తారు. వారి ఇళ్ళలో తిరిగి పలకరింపులు వినబడతాయని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారు ఒక కొస పట్టుకుని వేపచెట్టుకు ఎదురుగా కూర్చుంటారు. రెండో కొసను చెట్టుకు కట్టడం మాత్రం ఇక్కడ ఆచారం కాదు. అది నేల మీదే, అందుకునే చేతి కోసం ఉంటుంది.