కొప్పమ్మకు కాపలా

కడియం దారిలో, కాలవగట్టు పక్కన శాంభవి గారి మొక్కల నర్సరీ ఉంది. అది ఆవిడదని మనుషులు అనుకుంటారు. అక్కడి జంతువుల్ని అడిగితే మాత్రం సింగన్నదని చెబుతాయి. సింగన్న అంటే కుక్క. గేటు తీసినా, లారీ ఆగినా, ఒక కుండీ పక్కకి జరిగినా ముందు అతనికి తెలియాలి. తెలియకుండా ఏదైనా జరిగితే ఆ పూట అతనికి అన్నం సయించదు.

అక్కడే పుల్లక్క అనే కోడిపెట్ట, నాంచారి అనే పిల్లి ఉండేవి. పుల్లక్క గుడ్డు పెట్టిందంటే కాలవ అవతలి వాళ్ళకి కూడా తెలిసిపోతుంది, అంత చాటింపు. నాంచారికి చాటింపులంటే గిట్టదు. ఎవరితోనూ తగువు పెట్టుకోదు, ఎవరికీ మేలు చెయ్యదు, ఎక్కడ గిన్నె మీద మూత జారితే అక్కడ కనిపిస్తుంది.

వీళ్ళ మధ్యకి కొప్పమ్మ వచ్చింది. ఆమె ఊసరవెల్లి. మన కంచెల మీద తిరిగే రకం కాదు, సముద్రం అవతల యెమెన్ దేశపు జాతి. తల మీద కొప్పు ముడిచినట్టు ఎత్తుగా ఉండేసరికి శాంభవి ఆ పేరు పెట్టి, మందార చెట్ల నీడలో మనిషెత్తు వల గూడు కట్టించి, అందులో కొమ్మలూ తీగలూ అమర్చి అపురూపంగా పెంచుకుంటోంది.

కొప్పమ్మ మితభాషి. ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ తిప్పుకుంటూ తన మానాన తాను ఉండేది. సింగన్నకి ఆమెను చూస్తే చెప్పలేనంత జాలి. దేశం కాని దేశం, నా అన్నవాళ్ళు లేరు, పైగా నోరు లేదు. అందుకని పొద్దున్నే గడ్డిలో పడి మిడతల్ని తరిమి, వలకున్న కంతలోంచి లోపలికి తోలేవాడు.

"చాలన్నా, ఇందాకే తిన్నాను," అనేది కొప్పమ్మ.

"మొహమాటపడకు చెల్లెమ్మా. నీ ఇల్లే అనుకో."

"మొహమాటం కాదన్నా, నిజంగానే చాలు."

"ఆయ్, అందరూ అలాగే అంటారు," అని సింగన్న ఇంకో మిడతని తోలేవాడు.

అతన్ని మరీ తప్పు పట్టలేం. ఇంటి వరండాలో చుట్టాల భోజనాలు ఎన్ని చూశాడని! చాలు చాలు అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకి ఆ చేతి సందులోంచే ఇంకో గరిటె వడ్డించడం, వాళ్ళు అబ్బే అంటూనే తినెయ్యడం, వెళ్ళొస్తామని లేచినవాళ్ళని కూర్చోబెట్టి మరో కాఫీ ఇవ్వడం, ఇవన్నీ చూసి పెరిగాడు. వద్దు అన్న మాటకి ఇంకాస్త అని అర్థమని అతని బుర్రలో ముద్రపడిపోయింది. చెవులు మాత్రం బాగానే వినపడేవి పాపం.

కొన్నాళ్ళకి కొప్పమ్మ నడుం దగ్గర లావెక్కింది. ఒంటి మీద పసుపూ నీలమూ చుక్కలు తేలాయి. పుల్లక్క గూడు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మెడ సాచి చూసింది.

"ఏం చెల్లీ, ఒళ్ళు చేశావ్?"

"ఒళ్ళు కాదక్కా. గుడ్లు."

సింగన్న ఉలిక్కిపడ్డాడు. "గుడ్లా? మొగుడు లేకుండానే?"

"నాకు మాత్రం ఎవడున్నాడు? నేను పెట్టట్లేదూ?" అంది పుల్లక్క. "అవి పిల్లలయ్యే గుడ్లు కావులే. అయినా తయారైన గుడ్డు కడుపులో దాచుకోడానికి కుదరదు, బయటికి రావలసిందే. నువ్వు మేపిన మేతకి దీని కడుపులో గంపెడు ఉండి ఉంటాయి."

"రాకపోతే?"

పుల్లక్క అంతటిది కూడా గొంతు తగ్గించింది. "రాకపోతే తల్లి ప్రాణం పోతుంది. మా మేనత్త అలాగే పోయింది."

ఆ మాట సింగన్న గుండెలో దిగబడిపోయింది. సరిగ్గా అప్పుడే కుండీల వెనకాల నుంచి నాంచారి మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"ఊసరవెల్లి గుడ్డు ఎలా ఉంటుందో నేను ఇంతవరకు రుచి చూడలేదు సుమా," అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

సింగన్న మెడ మీద వెంట్రుకలు లేచాయి. "ఈ గూటి వైపు వచ్చావంటే తోక మిగలదు. చెల్లెమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు. నీ గుడ్లు పెట్టడం అయ్యేదాకా నేను ఇక్కణ్ణుంచి కదిలేది లేదు."

"అయ్యో, నీకెందుకన్నా శ్రమ," అంది కొప్పమ్మ. ఆమె ఒళ్ళు కాస్త నల్లబడింది.

"చూశావా, సిగ్గు," అన్నాడు సింగన్న పుల్లక్కతో.

శాంభవికి తన పెంపుడు జీవం సంగతి తెలుసు. పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో లోతుగా తడి ఇసుక నింపి, పిడికిట్లో పట్టి చూసి, సొరంగం తవ్వితే కూలకుండా ఉంటుందని నమ్మకం కుదిరాక గూట్లో పెట్టింది. గూడు చుట్టూ నీడ కోసం వాడే ఆకుపచ్చ వల చుట్టించింది. ఆ తరవాత పనివాళ్ళందర్నీ పిలిచి గట్టిగా చెప్పింది. "ఇది ఎవరైనా చూస్తున్నారంటే గుడ్లు పెట్టదు. ఎవరూ అటు వెళ్ళకండి."

సింగన్న ఆ మాట చెవులు రిక్కించి విన్నాడు, చాలా సబబుగా ఉందనుకున్నాడు. ఎవరూ అంటే మిగతావాళ్ళు. తాను ఎవరో కాదు కదా! పచ్చ వల అడుగున మూతి దూర్చి, తల లోపలికి పెట్టి, రెండు కాళ్ళ మీద గడ్డం ఆనించి కాపలా మొదలుపెట్టాడు.

కొప్పమ్మ కొమ్మ దిగింది. కాళ్ళు ఇసుకకి తగిలాయి. ఒక కన్నుతో ఇసుకని చూసింది. రెండో కన్ను సింగన్న మీదే ఉంది. మళ్ళీ కొమ్మెక్కింది.

"భయపడకు, నేనున్నాను," అన్నాడు సింగన్న.

"అందుకేనన్నా. కాసేపు అలా గేటుదాకా వెళ్ళి రాకూడదూ?"

"నా కాళ్ళు నొప్పెడతాయని నీ బాధ. నాకేం ఫర్వాలేదు."

"నువ్వు చూస్తుంటే నాకు కుదరదు."

"నాకంత సమయం లేదనుకుంటున్నావా? ఎంతసేపైనా ఉంటాను."

ఆమె దిగడం, అతన్ని చూడడం, ఎక్కడం. రోజులు ఇలాగే గడిచాయి. మిడతల్ని ముట్టడం మానేసింది. గూడంతా కలయదిరిగేది, వల పట్టుకుని చివరిదాకా పాకి మళ్ళీ వచ్చేది. ఒకసారి శాంభవి చూసి సింగన్నని మెడ పట్టుకుని బయటికి లాగింది కూడా. ఆవిడ అటు తిరగ్గానే ఇటు నుంచి దూరాడు. కాపలా అంటే యజమాని తిట్టినా వదలకుండా చేసేదని అతని ఉద్దేశం. ఇంత మంచివాడు కాకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

పుల్లక్క ఉండబట్టలేక సలహా ఇచ్చింది. "గడ్డి పరిచిన గంపలో కూర్చుని, గొంతెత్తి ఒక్క అరుపు అరువు చెల్లీ. అదే వచ్చేస్తుంది. నేను రోజూ చేసేది అదే."

"మాది మట్టి తవ్వుకుని, కప్పెట్టి, ఎవరికీ చెప్పకుండా వచ్చెయ్యడం అక్కా," అంది కొప్పమ్మ.

"అదేం పద్ధతి! దొంగసొమ్ము దాచినట్టు!" అంది పుల్లక్క. సింగన్న కూడా నవ్వాడు.

నాంచారి ఒక్కతే నవ్వలేదు. వేటాడి బతికే ప్రాణి. ఎదుటి జీవి ఎప్పుడు బయటికొస్తుందో, ఎప్పుడు రాదో దానికి పుట్టుకతో తెలుసు. ఈ కుక్క కదిలితే తప్ప గుడ్డు బయటపడదని లెక్కేసుకుంది. శాంభవి మొక్కలు దింపించడానికి వేరే ఊరు వెళ్ళిన ఒక మధ్యాహ్నం, పనివాళ్ళు అన్నాలు తిని షెడ్డులో నడుం వాల్చిన వేళ, నాంచారి నింపాదిగా వచ్చి సింగన్నకి కాస్త దూరంలో కూర్చుంది.

"ఏం లేదు గానీ సింగన్నా, గేటు స్తంభం దగ్గర ఎవడో గోధుమరంగు కుక్క కాలెత్తుతున్నాడు. నీకు చుట్టమేమో అని అడుగుతున్నా."

"నా స్తంభమా?"

"నీదేనని నేననుకున్నాను. వాడు అలా అనుకోలేదు."

సింగన్న ఎంతటి కాపలాదారైనా కుక్కే కదా. తారాజువ్వలా దూసుకుపోయాడు.

నాంచారి గులాబీ కుండీల వెనక్కి చేరి, తోక కూడా కనబడకుండా సర్దుకుంది. గూటి చుట్టూ నిశ్శబ్దం. కొప్పమ్మ రెండు కళ్ళూ చెరో వైపూ తిప్పి చూసింది. ఎవరూ లేరు. గబగబా దిగి ఇసుకలోకి చేతులు పెట్టింది. ఎన్నాళ్ళ నుంచో ఆపుకున్న పని. తలా, భుజాలూ, నడుమూ లోపలికి వెళ్ళిపోయాయి. తోక కొస ఒక్కటే బయట మిగిలింది. ఆమె ఒంటి నలుపు విరిగి, వచ్చిన కొత్తలో ఉన్న పచ్చదనం తిరిగొచ్చింది.

ఇంకాస్సేపు ఆగితే అంతా అయిపోయేది. గుడ్లు పెట్టి, కప్పెట్టి, వచ్చి దాహం తీర్చుకునేది. ఆ తరవాత నాంచారి వచ్చి గడియ ఎత్తి ఆ గుడ్లు తినేసేదే అనుకోండి. పోతే అవి పోయేవి.

గేటు దగ్గర ఏ కుక్కా లేదు. స్తంభాన్ని మూడు వైపులా వాసన చూశాక సింగన్నకి వెలిగింది. మోసం! చెల్లెలు ఒంటరిగా ఉంది! ఒక్క ఉదుటున వెనక్కి పరిగెత్తాడు. దారిలోనే మొరుగుతూ, కుండీల మీద నుంచి నాంచారి మీదకి దూకాడు. నాంచారి మెరుపులా తప్పుకుని గోడెక్కింది. సింగన్న పచ్చ వల చింపుకుంటూ మొత్తం బరువుతో వెళ్ళి గూటికి గుద్దుకున్నాడు. గూడు ఊగింది, తొట్టె అదిరింది, ఇసుక సొరంగం కూలిపోయింది.

కొప్పమ్మ కళ్ళ నిండా ఇసుకతో వెనక్కి పాకుతూ బయటికొచ్చింది. బొగ్గులా ఉంది.

"తరిమేశాను చెల్లెమ్మా!" అన్నాడు సింగన్న రొప్పుతూ. "ఒక్క క్షణం ఆలస్యమైతే ఏమైపోయేదానివో!"

కొప్పమ్మ మెల్లగా కొమ్మెక్కింది. ఆ తరవాత మళ్ళీ దిగలేదు.

మర్నాటికి పట్టపగలే కళ్ళు మూసుకుని ఉంది. కొమ్మ మీద పట్టు జారుతోంది. శాంభవి వచ్చి చూసి, "ఈపాటికి పెట్టేసి ఉండాలే, అయ్యో!" అంటూ ఒక బుట్టలో మెత్తటి గుడ్డ పరిచి ఆమెను పడుకోబెట్టింది. రాజమండ్రిలో జంతువుల డాక్టరుంటే ఫోన్ చేసింది. బుట్ట వరండా మెట్టు మీద పెట్టి తాళాల కోసం లోపలికి వెళ్ళింది.

సింగన్న బుట్ట దగ్గరికి వచ్చాడు. తోక కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది.

"ఏమైంది చెల్లెమ్మా? నేను కదలకుండా కాశాను కదా."

కొప్పమ్మ ఒక కన్ను కష్టంగా తెరిచింది. "కాశావన్నా. అందుకే పెట్టలేకపోయాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! ఒక్కసారి అడిగితే వెళ్ళిపోనా నేను?"

"అడిగాను. అడిగినప్పుడల్లా తోక ఊపావు."

ఆమె గొంతులో కోపం ఉన్నా కాస్త బాగుండేది. లేదు. ఈ లోపు శాంభవి వచ్చి బుట్ట తీసుకుని కారెక్కింది. సింగన్న కాలవగట్టు దాకా కారు వెంట పరిగెత్తి, గట్టు మలుపులో ఆగిపోయాడు.

డాక్టరు కోసి చూశాడట, గుడ్లన్నీ తీశాడట, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ సాయంత్రం శాంభవి ఖాళీ బుట్టతో దిగి లోపలికి వెళ్ళింది.

గోడ మీద నుంచి నాంచారి అంతా చూసింది. సింగన్న తలెత్తి, "అంతా నీవల్లే," అన్నాడు. ఆ మాటలో పస లేదని అన్నవాడికే తెలుసు.

"నేను దాని గుడ్లు తిందామని వచ్చాను. కాదనను," అంది నాంచారి. "నా దొంగబుద్ధి నీ కంట పడకుండా ఉంటే గుడ్లు పోయి తల్లి మిగిలేది. నీ మంచితనం వల్ల ఎవరికీ ఏదీ మిగల్లేదు." ఆ మాట అని గోడ దూకి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఎవరినైనా దెప్పి పొడిచాక నాంచారి ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ రోజు చూడలేదు.

సింగన్న మర్నాడు గేటు దగ్గరికి వెళ్ళలేదు. లారీ వచ్చింది, కుండీలు ఎక్కించారు, అతను తల ఎత్తలేదు. మందార చెట్టు మొదట్లో, కాళ్ళ మధ్య మూతి పెట్టుకుని పడుకున్నాడు. అది చూసి పుల్లక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏం సింగన్నా, ఏమీ తినలేదట?"

"ఆకలి లేదక్కా. నన్ను కాసేపు ఒంటరిగా వదిలెయ్యి."

"అయ్యో, ఇలాంటప్పుడు నిన్ను ఒక్కణ్ణీ ఎలా వదిలేస్తాం? మేము లేమా ఏమిటి?"

"నిజంగానే అడుగుతున్నానక్కా. వెళ్ళు."

"మొహమాటపడకు నాయనా," అంది పుల్లక్క ఎంతో ఆప్యాయంగా. ఇంకాస్త దగ్గరికి జరిగి, రెక్కలు సర్దుకుని కూర్చుని, చనిపోయిన తన మేనత్త కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. సింగన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా ఆమె కదల్లేదు.

నీతి: మనవాళ్ళు వెళ్ళమని అడిగినప్పుడు, ఆ మాటకి వేరే అర్థాలు వెతక్కుండా వెళ్ళడమే ప్రేమ.