కన్నడ కళ్ళంలో ఇంగ్లీషు చిలుక

రోజీ అనే చిలుక పుట్టిన వేపతొర్ర ఒక ఇంగ్లీషు మీడియం బడి కిటికీ పక్కనే ఉండేది. అక్కడి చిలుకలన్నీ నల్లబల్ల చూసి చూసి ఇంగ్లీషు రాత పట్టేశాయి. గింజలెక్కడున్నాయో, పిల్లి ఎక్కడ పొంచి ఉందో మట్టిలో గోటితో ఇంగ్లీషులోనే రాసుకునేవి.

ఒక గాలివాన రోజీని ఎత్తుకుపోయి, కొండకు అవతల కన్నడ పల్లెలో, ఒక రాగుల కళ్ళంలో పడేసింది. విరిగిన రెక్క అతికింది గానీ, కళ్ళం దాటి ఎగిరే సత్తువ రాలేదు. అక్కడి ముసలి ఎద్దు నంజప్ప తన దాణాలో ఇంత పెట్టి, పక్కన పడుకోబెట్టుకుని, కన్నడం నేర్పాడు.

ఏడాది తిరిగేసరికి రోజీకి కలలు కూడా కన్నడంలోనే వచ్చేవి. ఒకనాడు మట్టిలో అమ్మ గురించి రాయబోతే అక్షరాలు తారుమారయ్యాయి. బావురుమంది.

"ఏమైంది తల్లీ?"

"నా రాత పోయింది తాతా! ఇక మావాళ్ళు కనబడినా ఏం లాభం?"

"మూలపడేసిన నాగలి తుప్పు పట్టదూ? రోజూ రాయి."

"ఇక్కడెవరు చదువుతారు?"

"రాసింది నాకు కన్నడంలో చెప్పు. నాకు అర్థమయ్యేదాకా వదలను."

అలా రోజూ పొద్దున్నే నంజప్ప గిట్టతో మట్టి చదును చేసేవాడు. రోజీ రాసి, రాసింది రాసినట్టు మాటకు మాటగా కన్నడంలో చెప్పేది.

"పెట్ట పుంజును తన్నిందా, పుంజు పెట్టను తన్నిందా? తెలియలేదమ్మా. తిరగరాయి," అనేవాడు.

తను కన్నడం వరసలో ఇంగ్లీషు మాటలు పేర్చిందని రోజీకి అప్పుడు తట్టేది. చెరిపి మళ్ళీ రాసేది.

పెట్ట కోడి నవ్వేది. "ఆ గీకుడు కూడు పెడుతుందా? రావే, పురుగులేరుకుందాం!"

"కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందట. నువ్వు రాయి తల్లీ," అనేవాడు నంజప్ప.

మరుసటి కోతలకు కొండ ఇవతల, బడి ఉన్న వైపు కరువొచ్చింది. బడి చిలుకలు తిండి వెతుక్కుంటూ ఆ కళ్ళం మీదికొచ్చాయి. కొత్తచోటు కదా, దిగడానికి జంకి పైనే తిరుగుతున్నాయి. నంజప్ప పొలానికి వెళ్ళి ఉన్నాడు. అదను చూసి నక్క వచ్చింది.

"చెల్లెమ్మా! నీవాళ్ళట కదా, పాపం ఆకలితో ఉన్నారు. భయం లేదు, దిగి రమ్మని రాయి. నేను గడ్డివాములో దాక్కుంటాను. రాయకపోతే నిన్నే తింటాను."

నక్క వినయం ఎంతసేపు!

రోజీ పెద్ద పెద్ద అక్షరాలు గీసింది.

"ఏం రాశావో చదువు."

"భయం లేదు, దిగి రండి, గింజలు బోలెడు అని రాశాను అన్నా," అంది కన్నడంలో.

నక్క మురిసిపోయి వాములో దూరింది.

నిజానికి మట్టిలో ఉన్నది వేరు: 'వాములో నక్క ఉంది. దిగవద్దు. వెనకింట్లో కుక్కల్ని లేపండి.'

చిలుకలు చదివాయి. వెనకింటి మీద వాలి ఒకటే గోల. కుక్కలు లేచి, గోల చేస్తున్న చిలుకల వెంట కళ్ళంలోకి పరుగెత్తుకొచ్చాయి. చిలుకలు వాము మీద చుట్టూ తిరిగాయి. వాసన పట్టిన కుక్కలు వాము పీకేశాయి.

"అక్షరాల్లో ఇంత మోసమా!" అని అరుస్తూ నక్క సగం తోక అక్కడే వదిలి కొండకేసి పారిపోయింది.

కుక్కలు వెనుదిరిగాక రోజీ చెల్లెలు లిల్లీ దిగి అక్క మెడలో ముక్కు దాచుకుంది. "చచ్చిపోయావనుకున్నామే! రాతలో ఒక్క మాట తప్పుంటే అందరం నక్క నోట్లో పడేవాళ్ళం. ఇక్కడ ఉంటూ ఎలా మరిచిపోకుండా ఉన్నావు?"

పొద్దుగూకాక నంజప్ప పొలం నుంచి రాగానే రోజీ అతన్ని చూపించింది. "ఈ తాత వల్ల."

"నాకు ఒక్క అక్షరం రాదమ్మా," అన్నాడు నంజప్ప సిగ్గుపడి.

"రాకపోయినా రోజూ విన్నావు తాతా. మావాళ్ళు ఇవాళ నాకు మిగిలారంటే నీ చలవే."

నంజప్ప తల తిప్పుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. చిలుకలన్నీ అతని వీపు మీద వాలి, చీకటి పడేదాకా ఒక్కొక్క పిడుదునూ ఏరి పారేశాయి. ముసలి ఎద్దు ఎన్నాళ్ళకో హాయిగా కళ్ళు మూసుకుని నెమరు వేశాడు.

నీతి: నేర్చిన విద్యను రోజూ వాడుకోవాలి, వాడుకోమని వెన్నంటి నిలిచినవారిని ఎన్నటికీ మరవకూడదు.