సగం గుండు మీద బాస

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మా ఏటికి ఇంకా పేరు పెట్టని కాలం. ఊఁ కొడుతూ వినండి. ఊఁ కొట్టనివాడికి కథ సగంలోనే ఆపేస్తాను. సగంలో ఆపితే ఎంత ఇబ్బందో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ ఏటిగట్టు మీద ఒక కోట. కోటలో ఒక రాజు. రాజుకు ముగ్గురు దాయాదులు. పెద్ద దొర, నడిపి దొర, చిన్న దొర. తలా ఒక బురుజు, తలా కొన్ని ఊళ్ళు. "నా మాటే శాసనం" అనేవాడు రాజు. "మా ఊళ్ళలో నీ మాట చెల్లదు" అనేవాళ్ళు దొరలు. రాజు దొరల ఊళ్ళ మీద పడేవాడు. దొరలు రాజు ఊళ్ళ మీద పడేవాళ్ళు. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, నడుమ చచ్చేది జనం.

రాజుకు కోటలో ఒక పాతర ఉంది. ధాన్యం దాచే పాతర కాదు, మనుషుల్ని వేసే పాతర. ఎవరిమీద కోపం వచ్చినా "వేయండి పాతరలో" అనేవాడు. ఎందుకని అడిగేవాడు లేడు. పడ్డవాడి మాట వినేవాడూ లేడు. పైన బండ మూసి, రోజుకోసారి తాడుతో సంగటి ముంత దించేవాళ్ళు. ముంత ఖాళీగా పైకొస్తే మనిషి ఉన్నట్టు. నిండుగా వస్తే లేనట్టు.

ఆ కోటకు మంగలి కదిరన్న. పొట్టివాడు, నోరు మెత్తన, చేయి ఇంకా మెత్తన. అతని తమ్ముడు చెన్నడు గాయాలకు కట్లు కట్టేవాడు. ఒకనాడు ఏటి ఒడ్డున పెద్ద దొర బంటు ఒకడు నెత్తురోడుతూ పడి ఉంటే, చెన్నడు పసరు పిండి కట్టు కట్టాడు. గాయానికి పక్షం ఉంటుందా? రాజుకు మాత్రం ఉంది.

"శత్రువుకు కట్టు కట్టినాడా? వేయండి పాతరలో" అన్నాడు.

కదిరన్న రాజు దగ్గరికి పోయాడు. "సామీ, నా తమ్ముడి మాట ఒక్కసారి వినండి."

"నా మాటే శాసనం. వినేదేంది?" అన్నాడు రాజు.

కదిరన్న పెద్ద దొర దగ్గరికి పోయాడు. "దొరా, మీ బంటును బతికించినాడు. మీరన్నా అడగండి."

"మేము పోట్లాడేది మా తలల కోసం రా. మంగలోళ్ళ తలల కోసం కాదు" అన్నాడు పెద్ద దొర.

కదిరన్న ముసలి మంత్రి దగ్గరికి పోయాడు. మంత్రి మంచివాడే. కానీ మంచితనం ఒకటే ఉంటే ఏం లాభం, నడుములో బలం ఉండాలి కదా. "కత్తి చేతిలో ఉన్నవాడికి ఎవరు చెప్తారు నాయనా?" అన్నాడు.

ఆ సాయంత్రం పాతర ముంత సగం నిండుగా పైకొచ్చింది. కదిరన్న దాన్ని చేతిలో పట్టుకుని ఏడ్చాడు. చెన్నడు తిండి మానేస్తున్నాడు. ఇక ఎక్కువ రోజులు లేవు.

అదే వారంలో రాజు తల్లి కన్నుమూసింది. మహాతల్లి. ఆకలిగొన్నవాడు ఎవడొచ్చినా తన చేత్తో సంగటి పెట్టేది. కదిరన్న కూడా చిన్నప్పుడు ఆ చేతి సంగటి తిన్నవాడే. రాజు లోకంలో ఎవరికీ భయపడడు గానీ, తల్లి పోయిందని పసివాడిలా పొర్లి పొర్లి ఏడ్చాడు.

పదో రోజు వచ్చింది. పగ ఎంతున్నా మైల ఒకటే. దాయాదులన్నాక వచ్చి తలలు గొరిగించుకోవాల్సిందే. ముగ్గురు దొరలూ వచ్చారు. మైలలో ఆయుధం పట్టకూడదని కత్తులన్నీ దూరంగా పెట్టారు. ఏటి ఒడ్డున మిగిలిన కత్తి ఒక్కటే. అది కదిరన్నది.

మొదట రాజు కూర్చున్నాడు. కదిరన్న తల తడిపి, కుడివైపంతా నున్నగా గొరిగాడు. మీసం కూడా కుడివైపే తీశాడు. ఆపేశాడు.

"కత్తి మొద్దుబారింది సామీ, కాస్త ఆగండి" అన్నాడు.

పెద్ద దొర కూర్చున్నాడు. సగం గొరిగాడు. "కత్తి మొద్దుబారింది దొరా, కాస్త ఆగండి."

నడిపి దొర కూర్చున్నాడు. సగం గొరిగాడు. "కత్తి మొద్దుబారింది దొరా, కాస్త ఆగండి."

చిన్న దొరకూ అంతే. సగం తలలు నాలుగు, సగం మీసాలు నాలుగు వరసగా కూర్చున్నాయి. నవ్వు వస్తోందా? అక్కడ ఎవడూ నవ్వలేదు. కదిరన్న కత్తి కడిగి, తుడిచి, పొదిలో పెట్టి, పొది మూశాడు.

"ఏం రా, పిచ్చి పట్టిందా?" అని అరిచాడు రాజు.

"సామీ, విచారించకుండా ఎవరినీ పాతరలో వేయనని బాస చేయండి. పదిమంది ముందు నిలబెట్టి, వాడి మాట విని, ఆ తర్వాతే శిక్ష అనండి. కత్తి తీస్తాను."

"నీ తల తీయిస్తా!"

"తీయించండి సామీ. నా తల పోతే మీ తల సగంలోనే ఉంటుంది."

అది నిజం. ఒకడు కత్తి పెట్టిన తలమీద ఇంకొకడు కత్తి పెట్టడు. అది మంగళ్ళ కట్టుబాటు. సగం గుండుతో స్నానం లేదు. స్నానం లేకపోతే పిండం లేదు. పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. కాకి వచ్చి రాతి మీద కూర్చుంది.

పెద్ద దొర తొడ చరిచాడు. "భలే అడిగినావు రా! మేమూ అదే కదా అడిగేది. రాజుకు అదుపు ఉండాల!"

కదిరన్న అతని వైపు తిరిగాడు. "మీ బురుజుల కింద పాతరలు లేవా దొరా? మీరూ బాస చేయాల. మీ ఊళ్ళలో మీరూ విని శిక్షించాల."

పెద్ద దొర నడిపి దొరను చూశాడు. నడిపి దొర చిన్న దొరను చూశాడు. చిన్న దొర తన సగం మీసం తడుముకున్నాడు.

కదిరన్న మళ్ళీ రాజు వైపు తిరిగాడు. "సామీ, ఆ తల్లి చేతి సంగటి తిన్నవాణ్ణి. ఆమె పిండాన్ని అడ్డుకున్న పాపం నాదే, నేనే మోస్తాను. కానీ ఎవడొచ్చినా ముందు ఆకలవుతోందా అని అడిగి, ఆ తర్వాతే మాట్లాడేది ఆమె. మీరు అడగనైనా అడగరు."

రాజు కాకిని చూశాడు. తల దించుకున్నాడు. దోసిట ఏటినీళ్ళు పట్టి బాస చేశాడు. ఆయన వెనక దొరలు ముగ్గురూ చేశారు. అప్పుడు కదిరన్న పొది విప్పాడు. మిగిలిన సగాలు గొరిగాడు. ఒక్క గాటు పడలేదు. స్నానాలయ్యాయి. పిండం పెట్టారు. కాకి ముట్టింది.

పిండం అయిందో లేదో, రాజుకు అవమానం గుర్తొచ్చింది. "పట్టుకోండి వీణ్ణి! వేయండి పా..."

మాట సగంలో ఆగింది. చేయి తన నున్నటి గుండు మీద పడింది.

"పదిమందిని పిలవండి" అన్నాడు నెమ్మదిగా.

ఆ రాజ్యంలో మొదటి విచారణ కదిరన్నదే. పదిమంది కూర్చున్నారు. కదిరన్న చెప్పుకున్నాడు. విన్నారు. ముసలి మంత్రికి ఆ రోజు నడుములోకి బలమొచ్చింది. లేచి తీర్పు చెప్పాడు. "రాజు తల సగంలో ఆపడం తప్పే. అందుకు శిక్ష ఇది. ఇకమీదట ఈ గద్దె ఎక్కే ప్రతి రాజు తలా సగంలో ఆపి, ఇదే బాస చేయించాలి. ఈ పని కదిరన్నది, అతని తర్వాత అతని ఇంటివాళ్ళది."

తర్వాత చెన్నడి వంతు. పాతర మీద బండ జరిపి, తాడు కట్టి పైకి లాగారు. ఎముకల గూడు. వెలుతురు చూడలేక కళ్ళు మూసుకునే తన మాట చెప్పుకున్నాడు. పదిమందీ విని, తప్పు లేదని వదిలేశారు. గడ్డం మాసి ముఖమంతా కమ్మేసింది. కదిరన్న తమ్ముణ్ణి నీడలో కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళు పోసి, గడ్డం గీశాడు. ఆ ఒక్క గడ్డం ఎక్కడా ఆపకుండా గీశాడు. గీస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

ఏళ్ళు గడిచాయి. కదిరన్న పోయాడు. పదో రోజు చెన్నడు ఏటి ఒడ్డున కత్తి నూరుకుంటుంటే, ఎవరూ పిలవకుండానే రాజు నడిచి వచ్చాడు. దాయాదులు కూర్చునే చోట, నేలమీద కూర్చుని తల వంచాడు.

చెన్నడు ముంతతో ఏటినీళ్ళు ముంచాడు. తల తడిపి, కుడివైపు గొరిగాడు. కత్తి ఆపాడు. ఎవరూ అడగలేదు. రాజే ఏటిలోకి చేతులు చాచి, దోసిట నీళ్ళు పట్టి, పాత బాస మళ్ళీ చెప్పాడు. అప్పుడు చెన్నడు మిగిలిన సగం గొరిగాడు.

ఆ రాజు లేడు, ఆ దొరలు లేరు, పాతర పూడిపోయింది. ఆ ఏటి ఊళ్ళలో మాత్రం ఇప్పటికీ పెళ్ళికొడుకుకు గడ్డం గీస్తూ మంగలి సగంలో ఆపేస్తాడు. పందిట్లో అందరూ పళ్ళికిలిస్తూ చూస్తుంటారు. "కత్తి మొద్దుబారింది నాయనా" అంటాడు. పెళ్ళికొడుకు దోసిట నీళ్ళు పట్టాలి. "ఇంట్లో ఎవరిమీదైనా, వినకుండా చేయెత్తను" అని అనాలి. అందరికీ వినపడేలా అనాలి. గొణిగితే కుదరదు. ఆ తర్వాతే కత్తి కదులుతుంది.

తర్వాత ఎప్పుడైనా అతను ఇంట్లో గొంతు పెంచితే, వాళ్ళమ్మ ఒక్క మాటే అంటుంది. "కదిరన్న చూస్తున్నాడు రా."

అతని చేయి దానంతటదే గడ్డం మీదికి పోతుంది.

కథ గొరగడం అయింది, కత్తి పొదిలో పడింది. పోయి పడుకోండి.